పాత డీజిల్ కారు: ప్యాకింగులు మార్చినా ఆగని ఆయిల్ లీకు

ప్రశ్న:
2011 మోడల్ కారు, 1248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజిన్, 1,60,000 కి.మీ. తిరిగింది. రాత్రి బండి పెట్టిన చోట పొద్దున్నే అరచేతంత ఆయిల్ మరక. ఇంజిన్ పై కవరు ప్యాకింగు రెండుసార్లు మార్పించాం, ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఊడదీసి కొత్త సీలెంటు వేయించాం. నెల తిరక్కుండానే మళ్లీ మొదలు. ఇప్పుడు గేర్‌బాక్సు దించి ఫ్లైవీల్ వైపు మెయిన్ సీలు (క్రాంక్‌షాఫ్టు చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపేది) మార్చాలంటున్నారు. ఒప్పుకోమంటారా?

జవాబు:
ఇప్పుడే ఒప్పుకోకండి. గేర్‌బాక్సు దించడం చిన్న ఖర్చు కాదు. పైనుంచి కారిన ఆయిల్ ఇంజిన్ వెనక గోడమీదుగా జారి బెల్ హౌసింగ్ (ఇంజిన్, గేర్‌బాక్సు కలిసే చోట క్లచ్‌ను కప్పే డొప్ప) దగ్గర చుక్కలు కడితే చాలామంది మెయిన్ సీలు అనేస్తారు.

ముందు కారేది ఏమిటో తేల్చండి. కింద తెల్ల అట్ట పరిచి రాత్రంతా ఉంచండి. నల్లగా, జారుడుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్, అప్పుడు యాక్సిల్ సీళ్లు చూడాలి. డీజిల్ అయితే పల్చగా ఉండి వాసనే చెబుతుంది. ఇంకో గుర్తు: ఆయిల్ కారే చోట దుమ్ము పట్టి నల్లటి ముద్దలా పేరుకుంటుంది, డీజిల్ కారే చోట ఆ మురికి కడుక్కుపోయి అల్యూమినియం తెల్లగా తేలుతుంది. ఇంజెక్టర్ల రిటర్న్ పైపుల (మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపేవి) కింద అలా శుభ్రమైన చార కనిపిస్తే మీ లీకు ఆయిల్‌ది కాదు, డీజిల్‌ది.

తర్వాత కింది ప్లాస్టిక్ ట్రే విప్పేయండి. అది ఉంటే ఆయిల్ దానిలో నిలిచి, సంబంధం లేని మూల నుంచి కారుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆల్టర్నేటర్, వైరింగ్ కనెక్టర్లు పాలిథీన్‌తో కప్పి, డీగ్రీజర్ కొట్టి బ్రష్‌తో రుద్ది, తక్కువ ధారతో కడగండి. ప్రెషర్ గన్ వద్దు. బాగా ఆరాక 15 నిమిషాలు స్టార్టింగులో ఉంచి టార్చి, చిన్న అద్దంతో చూడండి. ఆ తర్వాత 25–30 కి.మీ. నడిపి మళ్లీ చూడండి. ఆయిల్ కిందికి, గాలి తోసిన వైపుకి పోతుంది. కాబట్టి అన్నిటికన్నా పైన, ముందువైపు ఉన్న తడే అసలు చోటు. కింద వేలాడే చుక్కను నమ్మకండి.

కంటికి దొరక్కపోతే 25–30 మి.లీ. యూవీ డై ఆయిల్లో కలిపి ఒకటి రెండు రోజులు నడపండి. చీకట్లో యూవీ టార్చి వేస్తే దారంతా పసుపుపచ్చగా మెరుస్తుంది.

మరో జవాబు:
పై అన్న చెప్పింది అక్షరాలా పాటించండి. అయితే ప్యాకింగులు మార్చినకొద్దీ లీకు తిరిగొస్తోందంటే నాకు ముందు అనుమానం బ్రీదర్ మీదే, అంటే ఇంజిన్ లోపలి గ్యాసును బయటికి వదిలే దారి మీదే. పిస్టన్ రింగులు దాటి కొంత గ్యాసు ఛాంబర్‌లోకి ఎప్పుడూ దిగుతుంది. బ్రీదర్ దాన్ని ఆయిల్ నుంచి వేరుచేసి టర్బోకి (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది) ముందున్న గాలిపైపులోకి పంపాలి. అది మడ్డితో మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి ఏ సీలు బలహీనమో అక్కడ్నుంచి ఆయిల్ తోస్తుంది. ఒకటి మారిస్తే ఇంకోటి మొదలవుతుంది.

ఇంజిన్ వేడిగా, ఐడ్లింగులో ఉండగా ఆయిల్ మూత తీసి, ఆ మూతికి రబ్బరు చేతితొడుగు టేపుతో బిగించండి. వేళ్లు ముడివేయండి, బెల్టులో చిక్కుకోకూడదు. ఆయిల్ గేజి దాని గొట్టంలోనే ఉండాలి. ఒక్క నిమిషం చూడండి. కొద్దిగా ఎగిరి పడుతుంటే మామూలే. బెలూన్‌లా బిగుసుకుంటే ఒత్తిడి ఉన్నట్టు.

అప్పుడు బ్రీదర్ హోసును గాలిపైపు వైపు ఊడదీసి, దాని చివర చెయ్యి అడ్డం పెట్టండి. తొడుగు బిగుసుకున్నా హోసు నుంచి గాలి రాకపోతే హోసో, సెపరేటరో (బ్రీదర్‌లో గ్యాసు నుంచి ఆయిల్‌ను వేరుచేసే భాగం) మూసుకుంది, సంతోషించండి. పొగలాగా ధారగా కొడుతూ, రేజ్ చేస్తే ఇంకా పెరిగితే అది బ్యాక్ కంప్రెషన్: రింగులు, లేదా టర్బో బేరింగు దాటి వచ్చే గ్యాసు. అప్పుడు కంప్రెషన్ టెస్ట్ చేయించాకే మిగతా పని. హోసు ఊడదీసి మాత్రం రోడ్డెక్కవద్దు, ఆ రంధ్రం గుండా టర్బో దుమ్మును నేరుగా పీల్చుకుంటుంది.

ప్రశ్నించినవారు:
చేసి చూశాం. తొడుగు బిగుసుకుంది, హోసు నుంచి దాదాపు ఏమీ రాలేదు. తడి మాత్రం పై కవరు వెనక అంచున మొదలై బెల్ హౌసింగ్ మీదికి జారింది. ఆయిల్ పడి క్లచ్ జారడం కూడా లేదు.

మరో జవాబు:
అయితే మెయిన్ సీలు జోలికి పోకండి. హోసు లోపల మడ్డి ఉంటే డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి బిగించండి. గట్టిపడి పగుళ్లు వస్తే కొత్తది వేయండి. సెపరేటర్ కడిగినా గాలి ఆడకపోతే మార్చాల్సిందే. స్విఫ్ట్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటోలలో వచ్చింది ఇదే ఇంజిన్ కాబట్టి స్పేర్లకు కొరత లేదు. కానీ పార్టు నంబరు సరిచూసుకోండి.

ఆ తర్వాతే పై కవరు. పాత సీలెంటును ప్లాస్టిక్ గరిటెతో తీయండి, బ్లేడు గీత పడితే అదే కొత్త లీకు. రెండువైపులా నూనె లేకుండా తుడవండి. 6 ఎం.ఎం. బోల్టులు మధ్య నుంచి బయటికి, మాన్యువల్లో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. సాధారణంగా 8–10 న్యూటన్ మీటర్లు. లీకు ఆగాలని ఇంకో మలుపు తిప్పితే కవరు వంగుతుంది.

సీలెంటు ఎక్కడ వేసినా సుమారు 3 ఎం.ఎం. సన్న గీత చాలు. ఎక్కువ వేస్తే లోపలికి పిండుకుని, తెగి, స్ట్రెయినర్‌కి (ఆయిల్ పంపు పీల్చే చోట ఉండే జల్లెడకి) అడ్డం పడి ఆయిల్ ప్రెషర్ తగ్గుతుంది. ఈ ఇంజిన్లో టైమింగ్ చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనర్ పనిచేసేది ఆ ప్రెషర్‌తోనే. ఛాంబర్ ఇప్పటికే ఒకసారి విప్పారు కనుక ఇది తప్పక గుర్తుంచుకోండి. లీకు తగ్గుతుందని ఎవరైనా 5డబ్ల్యు-30 బదులు చిక్కటి 20డబ్ల్యు-50 పోయమన్నా వద్దనండి. చల్లటి స్టార్టింగులో పైకి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది.

మరో జవాబు:
ఒక మాట కలుపుతాను. ఎప్పటికైనా మెయిన్ సీలు మార్చాల్సి వస్తే షాఫ్టు మీద పాత సీలు గీసిన గాడి గోటికి తగులుతుందేమో చూడండి. తగిలితే కొత్త సీలును ఒక మిల్లీమీటరు పక్కకు కూర్చోబెట్టాలి, లేదా షాఫ్టుకు సన్న స్లీవ్ తొడగాలి. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) సీలు అయితే ఆయిల్ రాయకుండా పొడిగానే ఎక్కించాలి. మామూలు రబ్బరు సీలుకైతే షాఫ్టుకు తగిలే పెదవికి ఆయిల్ రాయాలి. మన దగ్గర రెంటికీ ఒకేలా రాసేస్తారు.

లెక్క కూడా పెట్టుకోండి. సుమారు 20 చుక్కలు ఒక మి.లీ. నిమిషానికో చుక్క రోజంతా పడితే 72 మి.లీ., నెలకు 2 లీటర్ల పైమాటే. ఇంజిన్లో ఉండేది సుమారు 3 లీటర్లు. మరక చిన్నదై, గేజి మాత్రం వేగంగా దిగుతుంటే ఆయిల్ లోపల కూడా కాలుతున్నట్టు. అప్పుడు ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) కింది హోసు విప్పండి. పల్చటి పొర ఉంటే ఫర్వాలేదు, గరిటెడు ఆయిల్ నిలిచి ఉంటే టర్బో నుంచి ఆయిల్ వెనక్కి దిగే రిటర్న్ పైపు మూసుకుందేమో చూశాకే టర్బో మార్చే మాట. పని అయ్యాక 500 కి.మీ. వరకు ప్రతి వారం, చదునైన చోట, ఇంజిన్ ఆపిన 10 నిమిషాలకు గేజి చూడండి.