రోహిణి కార్తెలో ముసురు: మీ ఇంట్లో ఏం చేస్తున్నారు?

వేపచెట్టునీడ (హైదరాబాద్)
రోళ్ళు పగలాల్సిన రోజులివి. 2025 మే 25న రోహిణి కార్తె మొదలైతే, అంతకు ముందు రోజే రుతుపవనాలు కేరళలో దిగాయి. మామూలుగా జూన్ 1న రావాలి. మాకు మూడు రోజులుగా సన్నటి ముసురు. కూలర్‌లో నీళ్ళు పారబోసి మూలన పెట్టాను, బీరువా అడుగున ఉన్న దుప్పటి పైకి తీశాను. పొద్దున్నే తలుపు తీస్తే తడిమట్టి వాసన, చేతిలో అల్లం టీ. ప్రాణం లేచి వచ్చింది. మీరేం వండుతున్నారు? కరెంటు పోతే పిల్లలతో ఎలా పొద్దుపుచ్చుతున్నారు? ఆరని బట్టల వాసనకి ఏం చేస్తున్నారు? అన్నీ చెప్పండి.

గోదారిగట్టు (రాజమండ్రి)
మీకు ప్రాణం లేచి వచ్చిందేమో గానీ నాకు ఉసూరుమంది. రెండు కిలోల సగ్గుబియ్యం వడియాలు పెట్టానండీ, పాత పంచె మీద, మేడంతా పరిచి. సాయంత్రానికి వాన. పంచె నాలుగు కొసలూ పట్టుకుని కిందికి పరిగెత్తుకొచ్చాం. పైకి ఎండినట్టే ఉన్నాయి, వేలితో నొక్కితే లోపల జిగురు. రెండు రాత్రులు ఫ్యాను కింద పెట్టాను. మూడో రోజుకి పులిసిన వాసన. మొత్తం పారేశాను. చల్ల మిరపకాయలు మాత్రం దక్కాయి. ఎండ రాని రోజున వాటిని బయట వదిలేయకుండా మళ్ళీ మజ్జిగలోనే వేసేయండి, పాడవవు.

బజ్జీలబండి (కాకినాడ)
వడియాల సంగతి వదిలేయండి, ముసురంటే మిరపకాయ బజ్జీ. పద్దెనిమిదేళ్ళు సాయంత్రం బండి నడిపినవాడిని, నా మాట వినండి. కాయకి నిలువుగా గాటు పెట్టి గింజలు తీసేయాలి. చింతపండు గుజ్జు, ఉప్పు, నలిపిన వాము కలిపి లోపల పూయాలి. శనగపిండిలో చిటికెడు వంటసోడా తప్పనిసరి. అది లేకపోతే బజ్జీ చెక్కలా వస్తుంది. ఇళ్ళల్లో కుదరడం లేదనేవాళ్ళంతా చేసే తప్పు ఇదే.

మంజీరాఒడ్డు (మెదక్)
అన్నా, తప్పనిసరి అనే మాట మాత్రం ఒప్పుకోను. సోడా వేస్తే నూనె పీలుస్తుంది. ఆ బజ్జీని కాగితం మీద పెట్టి చూడండి, కాగితం అవతలి వైపు దాకా తడుస్తుంది. మా అమ్మ పిండిలో రెండు చెంచాల బియ్యప్పిండి వేసి, కాగిన నూనె ఒక గరిటె పోసి కలుపుతుంది. కరకరలాడతాయి, రాత్రి కడుపులో మంట ఉండదు. గింజలు తీసేస్తే ఇక అది మిర్చి ఎట్లా అవుతుంది?

బజ్జీలబండి (కాకినాడ)
కాగితం తడిసిందంటే సోడా ఎక్కువైంది, లేదా నూనె కాగలేదు. కిలో పిండికి ఎంత వేయాలో తెలియకుండా వేసి సోడాని తిడితే ఎలా? గింజలు తీసేది పిల్లల కోసం. రోజుకి రెండు వందల మంది తిన్నారు నా బండి దగ్గర, ఒక్కరు కడుపు మంట అనలేదు.

మంజీరాఒడ్డు (మెదక్)
అందరూ మీ దగ్గరికి వచ్చి కడుపు సంగతి చెప్పిపోతారా అన్నా? మా అమ్మ వంటని తెలియకుండా చేసేది అంటే ఊరుకోను. ముసురుకి బజ్జీ ఒక్కటే అని ఎవరు రాసి పెట్టారు? మాకు సర్వపిండి ఉంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లికాడలు, కారం వేసి కలిపి, గిన్నె లోపల అడుగునా అంచులకీ చేత్తో ఒత్తాలి. వేలితో చిన్న చిన్న గుంటలు పెట్టి ఒక్కో దాంట్లో చుక్క నూనె. మూత పెట్టి సన్న మంట. అడుగు ఎర్రగా కాలి, అంచు దానంతట అదే గిన్నెని వదులుతుంది. ఆ మాడుపట్టిన అంచు కోసం మా ఇంట్లో కొట్లాట.

టెక్సాస్‌పల్లె (డల్లాస్)
అక్కా, మీ సర్వపిండి చదివి ఏడుపొచ్చింది. మాకిక్కడ ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎండ, మధ్యాహ్నం వడగళ్ళు. నిమ్మకాయంత రాళ్ళు పడి కారు టాపు నిండా సొట్టలు. బజ్జీ తినాలని ఉన్నా ఇంట్లో వేస్తే పొగ అలారం మోగి ఇల్లంతా గోల, ఆ నూనె వాసన వారం రోజులు తొడుక్కునే కోట్లకి పట్టుకుంటుంది. అందుకే వెనక వరండాలో చిన్న స్టవ్ పెట్టుకుంటాను. చలిగాలిలో నిలబడి బాండీలోంచి తీసింది తీసినట్టు తినడమే. సోడా వేస్తాను నేను.

కల్లందగ్గర (నల్గొండ)
టీలు, బజ్జీలు, దుప్పట్లు. బాగుంది. నా వడ్లు పన్నెండు రోజులుగా కల్లంలో ఉన్నాయి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కొనరు. రెండుసార్లు ఆరబోశాను, రెండుసార్లూ తడిశాయి. పట్టా కింద కుప్ప చేస్తే లోపల వేడెక్కి మొలకలు వస్తున్నాయి. రాత్రి మూడింటికి లేచి పట్టా మీద నిలిచిన నీళ్ళు చేత్తో తోసి వచ్చి ఇది చదివాను. వాన వస్తే పండగ చేసుకునే ముందు అన్నం ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి తలుచుకోండి.

వేపచెట్టునీడ (హైదరాబాద్)
అన్నా, మీ మాట చదివాక టీ దిగలేదు. మా నాన్నదీ వ్యవసాయమే. మిమ్మల్ని బాధపెట్టాలని రాయలేదు.

పంచాంగంపుస్తకం (కడప)
కార్తెల్ని పక్కన పెట్టి ఫోన్‌లో వాతావరణం చూసుకుంటే ఇలాగే ఉంటుంది. మృగశిర చిందిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందన్నారు పెద్దలు. అసలు వాన మృగశిరదే, అది జూన్ 8న. ఇప్పుడు పడేదాన్ని నమ్మి దుక్కి దున్నొచ్చు గానీ విత్తనం వేయకండి.

కల్లందగ్గర (నల్గొండ)
విత్తనం ఎప్పుడు వేయాలో నాకు తెలుసు. కోసిన పంట గురించి మాట్లాడుతున్నాను నేను.

సాగరతీరం (విశాఖ)
కరెంటు పోతే ఏం చేస్తారని అడిగారు కదా, ఎవరూ చెప్పలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. చెట్లన్నీ అడ్డం పడ్డాయి. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ పాడయ్యేలోపు వండేయాలని అపార్ట్‌మెంట్ వాళ్ళమంతా కింద పార్కింగ్‌లో మూడు స్టవ్‌లు పెట్టాం. పిల్లలు కొవ్వొత్తి వెలుగులో అష్టాచెమ్మా ఆడారు, చింతగింజలు లేక బాదం పలుకులతో. అప్పటి దాకా పక్క ఫ్లాట్ వాళ్ళ పేరు కూడా నాకు తెలియదు. ఇప్పటికీ గట్టిగా గాలి వీస్తే ముందు వాళ్ళకే ఫోన్ చేస్తాను.

బజ్జీలబండి (కాకినాడ)
నల్గొండ తమ్ముడూ, పట్టా కింద కుప్పకి మధ్యలో గాలి ఆడేలా దారి వదిలావా? మా అత్తగారి ఊళ్ళో పైపు ముక్కలకి చిల్లులు పెట్టి కుప్పలో నిలబెట్టేవాళ్ళు. మెదక్ చెల్లెమ్మా, అమ్మ వంటని తక్కువ చేసి మాట్లాడాలని కాదు. కానీ సోడా విషయంలో నా మాట మారదు.

మంజీరాఒడ్డు (మెదక్)
నాదీ మారదు.

వేపచెట్టునీడ (హైదరాబాద్)
ఆరని బట్టల సంగతి ఎవరైనా చెప్పండి. పిల్లల యూనిఫాం ఇస్త్రీ పెట్టి ఆరబెడుతున్నాను, అయినా వాసన పోవడం లేదు. జూన్ 12న బడి తెరుస్తారు.

కల్లందగ్గర (నల్గొండ)
కాకినాడ అన్నా, పైపులు ఉన్నాయి, బోరుకి వాడినవి. ఇప్పుడే చిల్లులు పెడుతున్నాను. తూర్పున కొంచెం తెల్లబడింది, ఎండ వస్తే పది గంటలకి పరుస్తాను.

గోదారిగట్టు (రాజమండ్రి)
హైదరాబాద్ అమ్మాయీ, ఆఖరిసారి జాడించే నీళ్ళలో కొంచెం వెనిగర్ వేసి, బట్టకీ బట్టకీ మధ్య జానెడు ఎడం ఉంచి ఫ్యాను కింద ఆరెయ్యి. అన్నట్టు మృగశిర నాడు మీ దగ్గర అందరూ చేపలు తింటారట కదా, కొర్రమీను కిలో ఎంత పలుకుతోంది?