యాంటీబయాటిక్ తర్వాత కడుపు ఉబ్బరం: పెరుగు, పీచు, ప్రోబయాటిక్ అన్నీ వాడుతున్నా ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న అడిగినవారు: తూరుపుగాలి

నమస్కారం. మూడు నెలల క్రితం పంటి ఇన్ఫెక్షన్‌కు ఏడు రోజులు యాంటీబయాటిక్ వాడాను. ఆ వారం, ఆ తర్వాతి వారం విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గాక ఉబ్బరం మొదలైంది. ఉదయం లేచేసరికి కడుపు మామూలుగానే ఉంటుంది. మధ్యాహ్న భోజనం అయిన రెండు మూడు గంటలకు బిగుసుకుపోతుంది, సాయంత్రానికి నడుము దగ్గర బట్టలు వదులు చేసుకోవలసి వస్తుంది. రెండు రోజులు మలబద్ధకం, మూడో రోజు పలుచగా, మళ్లీ మొదటికి.

డాక్టర్ రక్తపరీక్ష, మలపరీక్ష, గోధుమ పడకపోవడానికి చేసే సీలియాక్ పరీక్ష చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి, కొంత సమయం పడుతుందన్నారు. నేను ఆగలేక చదివినవన్నీ ఒకే వారంలో మొదలుపెట్టాను: పన్నెండు రకాల సూక్ష్మజీవులున్న ప్రోబయాటిక్ క్యాప్సూల్, ఉదయం పెద్ద గ్లాసుడు కెఫిర్ (పులియబెట్టిన పాల పానీయం), రెండు పూటలా పెరుగు, మూడు చెంచాల గోధుమ తవుడు, పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి, రోజూ ఒక ఆపిల్, ఉడికించిన చిక్కుడు గింజలు. మూడు వారాలైంది. బాధ రెట్టింపయింది.

ఇది మంచి బ్యాక్టీరియా చెడ్డదాన్ని బయటకు తోసేటప్పుడు వచ్చే బాధే, ఓపిక పడితే తగ్గుతుందని ఒకరు చెప్పారు. నిజమేనా? వీటిలో దేన్ని ఆపాలి?

సమాధానం: నిదానమే

ముందుగా మీకు ధైర్యం చెప్పాలని ఉంది. నేను పదకొండేళ్లుగా ఐబీఎస్‌తో, అంటే పేగు అతిసున్నితంగా ఉండి తరచూ నొప్పి, ఉబ్బరం, విరేచనాల తేడా తెచ్చే సమస్యతో ఉన్నాను, మీరు రాసిన సాయంత్రాలు నాకు తెలుసు. మీరు ఎంచుకున్నవి చెడ్డవి కావు. అన్నీ ఒకేసారి, పెద్ద మోతాదులో, అలసి ఉన్న పేగు మీద పడ్డాయి. ఏది మేలు చేస్తోందో ఏది బాధిస్తోందో ఇప్పుడు మీరే కాదు, ఎవరూ చెప్పలేరు.

మీ జాబితాను నా కళ్లతో చూడండి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమలో ఫ్రక్టాన్లు అనే చక్కెర గొలుసులు ఉంటాయి. చిక్కుడు గింజల్లో అలాంటివే గెలాక్టాన్లు. ఆపిల్‌లో ఫ్రక్టోజ్ అనే పండ్ల చక్కెరతో పాటు సార్బిటాల్ అనే మరో తీపి పదార్థం. పాలతో చేసిన కెఫిర్‌లో ఎంతో కొంత లాక్టోజ్, అంటే పాల చక్కెర. వీటిలో ఫ్రక్టాన్లను, గెలాక్టాన్లను విడగొట్టే ఎంజైమ్ మనుషులెవరికీ లేదు. మిగిలినవి కొందరి చిన్నపేగు పూర్తిగా పీల్చుకోలేదు. అవి దారిలో నీటిని లాక్కుంటూ పెద్దపేగు చేరతాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. ఆ పులియడం జబ్బు కాదు. దాని వల్లే పెద్దపేగు లోపలి పొర కణాలకు ప్రధాన ఆహారమైన బ్యూటిరేట్ పుడుతుంది. కానీ పేగు సున్నితంగా ఉన్న రోజుల్లో, ఇంకొకరికి తెలియను కూడా తెలియని సాగుడు మనకు నొప్పిగా తెలుస్తుంది. ఈ చక్కెరలన్నిటికీ కలిపి ఫాడ్‌మ్యాప్‌లని పేరు. మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏ ఆహారంలో ఇవి ఎంతెంత ఉన్నాయో కొలిచి పెట్టారు.

ఇక మీ క్యాప్సూల్ డబ్బా తీసి చిన్న అక్షరాలు చదవండి. ఇన్యులిన్ అనో, ఫ్రక్టో ఆలిగోశాకరైడ్ అనో ఉందా? బ్యాక్టీరియాకు ఆహారంగా చాలా కంపెనీలు దాన్ని కలుపుతాయి. అది కూడా ఫ్రక్టానే. నేను ఒకసారి అలాంటి పొడిని నాలుగు నెలలు వాడి, బాధ అంతా పెరుగు వల్లేనని పెరుగు మానేశాను. ఎంత అన్యాయం చేశానో తర్వాత తెలిసింది.

నేనైతే ఇలా చేస్తాను. క్యాప్సూల్, కెఫిర్, తవుడు, పచ్చి ఉల్లి, వెల్లుల్లి, ఆపిల్, చిక్కుడు గింజలు రెండు వారాలు ఆపండి. అన్నం, బంగాళదుంప, ఓట్స్, గుడ్డు లేదా చేప, క్యారెట్, పాలకూర, కమలాపండు వంటివి తినండి. పెరుగు పూర్తిగా మానకండి, రోజుకు అరకప్పు చాలు. వెల్లుల్లి రుచి లేకుండా ఉండలేకపోతే రెబ్బలను నూనెలో వేయించి తీసి పారేసి ఆ నూనెతో వండుకోండి. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. అదే కారణంగా పులుసులో ఉల్లిపాయ ముక్కలు వేసి తర్వాత ఏరేసినా లాభం లేదు, పులుసులోకి అవి దిగిపోయి ఉంటాయి.

కడుపు నెమ్మదించాక ఒక్కొక్కటి తిరిగి తీసుకురండి. మొదటి రోజు కొంచెం, రెండో రోజు ఇంకొంచెం, మూడో రోజు మామూలుగా తినేంత. తర్వాత రెండు రోజులు విరామం. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, కడుపు ఎప్పుడు బిగిసింది, విరేచనం ఎలా ఉంది, నిద్ర ఎంత అనేవి ఒక పుస్తకంలో రాయండి. నిద్ర సంగతి మరిచిపోవద్దు. నా పుస్తకంలో సగం చెడ్డ రోజులు తిండివి కావు, నిద్రలేని రాత్రుల మర్నాళ్లు.

ఒక్క హెచ్చరిక, ఇది నేను బాధపడి నేర్చుకున్నది. ఇవన్నీ ఆపి ఉంచే ఆ మొదటి దశ రెండు నుంచి ఆరు వారాలే. నాకు హాయిగా ఉందని పద్నాలుగు నెలలు దానిలోనే ఉండిపోయాను. పీచు తగ్గింది, మలబద్ధకం గట్టిపడింది, తిరిగి గింజలు తినడానికి ఏడాది పట్టింది. ఆపడం కోసం కాదు, తిరిగి తినడం కోసమే ఈ పద్ధతి.

సమాధానం: మందులమేజా

ఫార్మసిస్టుగా పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది కాబట్టి క్యాప్సూల్ గురించి మాత్రం చెబుతాను.

బాధ పెరిగితే మందు పనిచేస్తున్నట్టే అనే మాటను నమ్మకండి. మొదటి కొద్ది రోజులు కొంచెం గ్యాస్ రావచ్చు. మూడు వారాల తర్వాత కూడా పెరుగుతూ పోతుంటే అది మీకు పడలేదు.

ప్రోబయాటిక్ అనే మాటకు 2001లో ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు ఇచ్చిన నిర్వచనంలో మూడు షరతులున్నాయి: సూక్ష్మజీవులు బతికి ఉండాలి, తగినంత ఉండాలి, ఆరోగ్యానికి మేలు జరగాలి. మూడోదాన్ని డబ్బాలు దాటవేస్తాయి. ఒక రకం మీద రుజువైన మేలు దాని పక్కింటి రకానికి వర్తించదు. లాక్టోబాసిలస్ రామ్నోసస్ అని మాత్రమే ఉంటే సరిపోదు, వెనక జీజీ వంటి స్ట్రెయిన్ (ఉపరకం) గుర్తు ఉండాలి. పన్నెండు రకాలు, యాభై బిలియన్ల జీవులు అన్నంత మాత్రాన పన్నెండు రెట్ల మేలు కాదు.

ఇంకో సంగతి. ఆ జీజీ రకానికి, సాక్కరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్టుకు ఉన్న మంచి ఆధారం చాలావరకు యాంటీబయాటిక్ వాడుతున్న రోజుల్లో వచ్చే విరేచనాలను నివారించడం గురించి. ఈస్టు కాబట్టి బ్యాక్టీరియాను చంపే మందు దాన్ని చంపదు. మీరు ఆ రోజులు దాటిపోయారు. కోర్సు అయ్యాక వాడితే పేగు త్వరగా కుదురుకుంటుందన్న నమ్మకాన్ని 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు కొద్దిమంది మీద పరీక్షించారు. పదకొండు రకాల మిశ్రమం తీసుకున్నవారిలో సొంత సూక్ష్మజీవులు తిరిగి కుదురుకోవడం ఏమీ తీసుకోనివారికంటే ఆలస్యమైంది. చిన్న ప్రయోగమే, అయినా నేను అప్పటినుంచి కోర్సు ముగిసినవారికి అలవాటుగా డబ్బా చేతిలో పెట్టడం మానేశాను.

మళ్లీ ప్రయత్నించాలనుకుంటే ఇన్యులిన్ లేనిది, ఒకే స్ట్రెయిన్ ఉన్నది తీసుకోండి. ఐబీఎస్‌కు బ్రిటన్ జీర్ణకోశ వైద్యుల మార్గదర్శకాలు గరిష్ఠంగా 12 వారాలు చూసి, గుణం లేకపోతే ఆపమంటాయి. అమెరికా వైద్యుల మార్గదర్శకాలు అసలు సిఫారసే చేయలేదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, పెద్ద రక్తనాళంలో గొట్టం అమర్చి ఉన్నవారు, నెలలు నిండని శిశువులు వైద్యుడి నిర్ణయం లేకుండా వీటి జోలికి పోకూడదు. బతికున్న సూక్ష్మజీవి రక్తంలో చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తహీనత కనిపిస్తే తిండి ప్రయోగాలు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

తూరుపుగాలి:

డబ్బా చూశాను. రెండో పదార్థమే ఇన్యులిన్! అన్నీ ఆపేశాను. తవుడు కూడా చెడ్డదా? పీచు లేకపోతే మలబద్ధకం ఎలా తగ్గుతుంది?

సమాధానం: పెద్దకమ్మరి

నాకు డెబ్బై దాటాయి, ఎండు ప్లమ్‌లు రోజుకు ఐదారు తింటాను, ముప్పై ఏళ్లుగా మలబద్ధకం లేదు. ఇంట్లో ఉప్పుతో ఊరబెట్టిన క్యాబేజీ కూడా భోజనంలో తింటాను. దుకాణంలో వెనిగర్ పోసి, వేడిచేసి సీసాకెత్తినది మాత్రం కొనకండి, అందులో బతికున్నదేమీ ఉండదు. 1908లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త మెచ్నికోవ్ పులిసిన పాలను అంతగా నమ్మినవాడు. మాత్రలకంటే ముందు తిండిని నమ్మమంటాను.

సమాధానం: నిదానమే

పెద్దకమ్మరి గారూ, పులియబెట్టిన తిండి విషయంలో మీతోనే ఉన్నాను. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 36 మంది ఆరోగ్యవంతులకు పది వారాలు ఆహారం మార్చి చూస్తే, పులియబెట్టినవి ఎక్కువ తిన్నవారి పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది. కానీ ఎండు ప్లమ్ పనిచేసేదే అందులోని సార్బిటాల్, పీచు వల్ల. ఉబ్బరం లేనివారికి అది దివ్యంగా పనిచేస్తుంది, తూరుపుగాలి గారికి ఇప్పుడు వద్దు. బదులుగా రోజుకు రెండు ఆకుపచ్చ కివీ పండ్లు తినమంటాను.

తూరుపుగాలి గారూ, తవుడు చెడ్డది కాదు. కానీ నీటిలో కరగని గరుకు పీచు ఐబీఎస్ ఉన్నవారిలో కొందరికి నొప్పి పెంచుతుంది. కరిగే పీచు, అంటే ఇసబ్‌గోల్ పొట్టు, ఓట్స్ మంచివి. ఇసబ్‌గోల్ నీటిని పీల్చి జిగురుగా మారుతుంది, మెల్లగా పులుస్తుంది కాబట్టి గ్యాస్ తక్కువ. అరచెంచాతో మొదలుపెట్టి నిండు గ్లాసు నీళ్లతో వెంటనే తాగేయండి, వారానికి అరచెంచా పెంచండి. నీళ్లు చాలకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడగలదు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

అరటిపండు కాస్త గట్టిగా ఉన్నప్పుడే తినండి, మచ్చలు పడేంత మగ్గితే ఫ్రక్టాన్లు పెరుగుతాయి. పెరుగును ఉడుకుతున్న కూరలో కలపకండి, తినే ముందు కలుపుకోండి. పెరుగులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్‌ను వెంట తెస్తుంది. పాలు పడనివారిలో చాలామందికి పెరుగు పడటానికి కారణం అదే, వేడికి అది పోతుంది.

తూరుపుగాలి:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. తొమ్మిదో రోజున మొదటిసారి సాయంత్రం కడుపు మెత్తగా ఉంది. ఆ రోజు పుస్తకంలో ఒకే మాట రాసుకున్నాను, "హాయి" అని. పెరుగు ముప్పావు కప్పు దాకా పడుతోంది. ఇసబ్‌గోల్ ఒకటిన్నర చెంచా దగ్గర ఆగాను, విరేచనం రోజూ ఉదయమే అవుతోంది. వండిన ఉల్లి రెండు చెంచాలు ఫరవాలేదు, పచ్చి ఉల్లి మాత్రం రెండుసార్లు ప్రయత్నించినా మూడు గంటలకల్లా బిగింపు. డబ్బాలో పెట్టి అమ్మే శనగలను వార్చి, బాగా కడిగి పావు కప్పు తిన్నాను, ఏమీ కాలేదు. ఆపిల్ వంతు సోమవారం. క్యాప్సూల్ డబ్బా మళ్లీ తెరవలేదు.

నిదానమే గారూ, నిద్ర గురించి మీరు చెప్పింది నిజం. నా చెడ్డ రోజులు ఏడులో మూడు అలాంటివే.