కేపీహెచ్‌బీలో నడిచి వెళ్లేంత దూరంలో పిల్లల పార్కులు ఎక్కడున్నాయి?

కొత్తగా_కూకట్‌పల్లి:
నమస్తే అండి. ఈ మధ్యే హైదరాబాద్ కేపీహెచ్‌బీ (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు) కాలనీలో అద్దెకి దిగాం, బాబుకి నాలుగేళ్లు, సాయంత్రమైతే చాలు ఫోన్ ఇమ్మని ఒకటే గొడవ. కేబీఆర్ పార్కు లాంటివి వద్దు, ఆ ట్రాఫిక్‌లో పడి వెళ్లేసరికి వాడు బండి మీదే నిద్రపోతాడు. ఒక జారుడుబండ, ఒక ఉయ్యాల, కాస్త నీడ ఉంటే చాలు. మ్యాప్‌లో దగ్గర్లో రెండే చూపిస్తోంది. ఇంత పెద్ద హౌసింగ్ బోర్డు కాలనీలో రెండేనా?

కానుగనీడ:
రెండే ఎందుకుంటాయండీ, చాలా ఉన్నాయి, మ్యాప్‌లో పేర్లు లేవంతే. లేఅవుట్‌కి అనుమతి కావాలంటే పార్కు కోసం కొంత జాగా వదలాల్సిందే, మామూలుగా పదో వంతు అంటారు. ఆ జాగాలు మెయిన్ రోడ్డు మీద ఉండవు, ఇళ్ల వెనకాలో, వాటర్ ట్యాంకు పక్కనో, సందు చివరో ఉంటాయి. మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి ఇళ్ల మధ్య పచ్చగా కనిపించే ముక్కలు గుర్తుపెట్టుకోండి, ఆదివారం పొద్దున్నే బాబుతో కలిసి కాలనీలో ఒక్కో ఫేజ్ (భాగం) తిరిగి రండి, వాడికీ సరదాగా ఉంటుంది. చాలా చోట్ల మధ్యాహ్నం గేటుకి తాళం వేస్తారు కాబట్టి టైమింగ్స్ వాచ్‌మన్‌ని అడిగి పెట్టుకోండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
పార్కు దొరికాక వెంటనే పిల్లాణ్ణి వదిలేయకండి. ఎండాకాలంలో ఇనుప జారుడుబండ సాయంత్రం ఐదు దాటినా కాలుతూనే ఉంటుంది, ముందు మీ అరచెయ్యి ఆనించి చూడండి. ఉయ్యాల గొలుసు పైన కొక్కెంకి తగిలే చోట అరిగిపోతుంది, కింద నుంచి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, గట్టిగా ఒకసారి లాగి చూస్తే తెలిసిపోతుంది. కింద టైల్స్ వేసిన పార్కుకంటే, రంగులు వెలిసిపోయినా సరే ఇసుకో మట్టో ఉన్న పార్కే నయం, పిల్లలు పడక మానరు కదా. ఓపెన్ జిమ్ దగ్గరికి మాత్రం అస్సలు వెళ్లనివ్వకండి, పెద్దవాళ్లు ఊగుతుంటే మధ్యలో చిన్న వేళ్లు ఇరుక్కుంటాయి. చెట్లలో వేప, కానుగ ఉంటే మంచి నీడ. ఏడాకులపాల ఉన్న చోట వానలు తగ్గాక పూత టైములో వాసన చాలా ఘాటుగా ఉంటుంది, అందరికీ పడదు.

పాత_కాలనీవాసి:
తమ్ముడూ, ఆటవస్తువులు లేని ఖాళీ జాగాల్ని కూడా వదలొద్దు, పరుగెత్తడానికి అవే బాగుంటాయి. తిరిగేటప్పుడు ఎక్కడైనా పార్కు స్థలంలో షెడ్డో ప్రహరీయో లేస్తున్నట్టు కనిపిస్తే ఊరుకోవద్దు, ఫోటో తీసి కాలనీ అసోసియేషన్ వాళ్లకి చూపించి లేఅవుట్ కాపీతో సరిచూడమను. పార్కుల ఆక్రమణల ఫిర్యాదులు 2024 జూలైలో ప్రభుత్వం పెట్టిన హైడ్రా అనే సంస్థ తీసుకుంటోంది, బుద్ధభవన్‌లోని వాళ్ల ఆఫీసులో సోమవారం ప్రజావాణి, అంటే జనం నుంచి ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం, ఉంటుంది. ఒక్కసారి స్లాబ్ పడిందంటే ఆ జాగా మళ్లీ పిల్లల చేతికి రావడం చాలా కష్టం.

కొత్తగా_కూకట్‌పల్లి:
అందరికీ థాంక్స్ అండి. శాటిలైట్ వ్యూలో చూస్తే మా వెనక వీధిలోనే ఒకటి కనిపిస్తోంది, రేపు సాయంత్రమే వెళ్తాం. ఇసుక ఉన్న పార్కు ఏ ఫేజ్‌లో ఉందో తెలిసినవాళ్లు చెప్పగలరా?