అప్‌డేట్: తాడిపత్రి షేల్‌లో సీఐఏ 54 ఎందుకొచ్చిందో తేలింది

కడప బేసిన్‌లోని తాడిపత్రి షేల్‌కి రసాయన శైథిల్య సూచిక (సీఐఏ: మూల రాయి రసాయనికంగా ఎంత శిథిలమైందో Al₂O₃ వాటాతో చెప్పే అంకె, ఎంత ఎక్కువైతే అంత శైథిల్యం) 54 వచ్చిందని, అంత పాత మట్టిరాయికి ఇంత తక్కువేమిటని ఇంతకుముందు అడిగాను. మీరు అనుమానించినట్టే, తప్పు కాల్షియం దగ్గరే ఉంది. రాతిలో కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ ఖనిజం) ఉంది. నేను మొత్తం CaO ని లెక్కలో వేసేశాను. సిలికేట్లలోది (ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాల్లోది) మాత్రమే వేయాలి.

శాంపిల్: Al₂O₃ 16, CaO 4.2, Na₂O 1.0, K₂O 4.0, P₂O₅ 0.15 శాతం. ముందు అన్నిటినీ మోల్స్‌లోకి మార్చాలి. CaO 0.0749, అపటైట్ (కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం)లోని కాల్షియం కోసం P₂O₅ మోల్స్‌కి 10/3 రెట్లు తీసేస్తే 0.0714. ఇది Na₂O (0.0161) కంటే ఎక్కువ, కాబట్టి మెక్‌లెనన్ పద్ధతిలో (మిగిలిన CaO, Na₂O కంటే ఎక్కువైతే Na₂O విలువనే తీసుకోవడం) CaO* (సిలికేట్లలోని CaO) = 0.0161. సీఐఏ 68కి చేరింది.

అది కూడా తుది మాట కాదు. ఎ-సీఎన్-కె త్రిభుజంలో (Al₂O₃, CaO*+Na₂O, K₂O మూలలుగా గీసే పటం) నా బిందువులు మామూలు శైథిల్యంలోలా ఎ-సీఎన్ భుజానికి సమాంతరంగా పోకుండా కె మూల వైపు ఒరిగాయి. అంటే తర్వాత పొటాషియం చేరింది. అసలు సీఐఏ 68 కంటే ఎక్కువే.

ఈ మట్టి పేరుకున్న నీళ్లలో ఆక్సిజన్ ఉందా అని చూడటంలో ఇంకో తప్పు: టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లులో నూరడంతో, మిల్లు నుంచి కోబాల్ట్ కలిసి, Co (కోబాల్ట్) 41 పీపీఎం చూపింది. అగేట్ రాతి మిల్లులో నూరితే 15. Ni (నికెల్) 52 కాబట్టి Ni/Co 1.3 నుంచి 3.5 అయింది; రెండూ ఆక్సిజన్ ఉన్న నీళ్లనే సూచిస్తాయి, అదృష్టం. Al తో సరిచూసి పీఏఏఎస్‌తో (ఆస్ట్రేలియా షేళ్ల సగటు కూర్పు) పోల్చినా, ఆక్సిజన్ లేని చోట పేరుకునే V (వనేడియం) 1.3 రెట్లు, Mo (మాలిబ్డినం) దాదాపు 0.9 రెట్లే. నీటి అడుగున ఆక్సిజన్ లేదు అనడానికి ఆధారం లేదు.