జాకెట్ల కుట్టుకు ఏ ఇస్త్రీ పెట్టె మేలు? వేడికి చెరిగే పెన్నుతో గుర్తులు పెట్టవచ్చా?

రాజమండ్రి నుంచి, కొత్తగా నేర్చుకుంటున్న గృహిణి:
లైనింగ్ జాకెట్లు కుట్టడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. నా ఇస్త్రీ పెట్టె బాగా తేలిక. ఎంత రుద్దినా డార్టులు (జాకెట్టు ఒంటికి అమరేలా కోణంగా మడిచి కుట్టే మడతలు) ఉబ్బెత్తుగానే ఉంటున్నాయి. ఆవిరి పెట్టె కొనమని కొందరు, బరువైనది కొనమని కొందరు అంటున్నారు. గుర్తులకు వేడికి చెరిగే పెన్ను వాడుతున్నాను. ఏమంటారు?

వరంగల్ దర్జీ:
బరువైనదే కొనమ్మా. రెండు కిలోలున్న మామూలు పెట్టె చాలు. రుద్దడం మాత్రం మానేయాలి. పెట్టెను ఎత్తి ఆనించి, నొక్కి, మళ్లీ ఎత్తాలి. ఐమూలగా కత్తిరించిన గుడ్డను రుద్దితే సాగిపోయి మెడ వదులవుతుంది. తడి కావాలంటే పలుచని నూలు గుడ్డను తడిపి, గట్టిగా పిండి, పైన పరిచి నొక్కండి. ఆవిరి పెట్టెలో బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది. ఏదో ఒకరోజు అది పట్టు మీద చుక్కలుగా రాలుతుంది.

హైదరాబాద్ నుంచి:
నేను ఒప్పుకోనండీ. నూలు, లినెన్ గుడ్డలకు ఆవిరి ఎంతో సాయం. శుద్ధిచేసిన నీళ్లు పోస్తే సున్నం బెడద తగ్గుతుంది. ప్రతి కుట్టుకూ తడిగుడ్డ పరచాలంటే ఇంటిపనుల మధ్య ఎవరికి కుదురుతుంది? పట్టుకు మాత్రం నేనూ ఆవిరి ఆపేస్తాను. వేడి తగ్గించినప్పుడు నీరు సరిగా ఆవిరి కాక కారుతుంది, మరక పడుతుంది.

మినియాపొలిస్ నుంచి:
ఆ పెన్ను గురించి చెప్పాలి. విజయవాడ నుంచి మా అక్క మీగడ రంగు పట్టు జాకెట్టు కుట్టి పంపింది. జనవరిలో దాన్ని ఒక రాత్రి కారు డిక్కీలో మరచిపోయాను. తెల్లవారి చూస్తే డార్టుల గీతలు, చంక వంపు, పక్కన వేసుకున్న 34 అంకె, అన్నీ నీలంగా తేలి ఉన్నాయి! ఆ సిరా 60 డిగ్రీల దగ్గర రంగు కోల్పోతుందే గానీ గుడ్డలోనే ఉంటుంది. మైనస్ 10 దాటి చల్లబడితే రంగు తిరిగి వస్తుంది. ఇస్త్రీ చేస్తే మళ్లీ పోయింది. అయినా పెళ్లికి వేసుకోవడానికి మనసొప్పలేదు.

వరంగల్ దర్జీ:
అందుకే సుద్ద. మైనం కలిసిన సుద్ద వద్దు, వేడికి కరిగి మరకవుతుంది. ముదురు రంగు నూలుకైతే అరిగిపోయిన తెల్ల సబ్బు ముక్క అంచును చాకుతో చెక్కి గీయండి. పట్టు, జరీ మీద ఏదీ గీయకుండా వదులుగా దారపు గుర్తులు వేయండి.

హైదరాబాద్ నుంచి:
పెన్ను విషయంలో మీ మాటే సరైనది. నీటికి పోయే నీలం పెన్నుతోనూ జాగ్రత్త. గీత కడిగాకే ఇస్త్రీ చేయాలి. ముందే వేడి తగిలితే మరక ఉండిపోవచ్చు.

రాజమండ్రి గృహిణి:
తెల్ల లైనింగ్ ముక్క మీద నా పెన్నుతో గీసి, ఇస్త్రీ చేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే అరలో పెట్టాను. గీత తిరిగి వచ్చింది. కుట్టి ఇచ్చేసిన వాటిలో రెండు డాలస్ వెళ్లాయి. వాళ్లకు ఈరోజే ఫోను చేస్తాను. ఇస్త్రీ పెట్టె ఇంకా తేల్చుకోలేదు. ముందు తడిగుడ్డ పద్ధతి పాత పెట్టెతోనే చేసి చూస్తాను అన్నయ్యగారూ.