అక్షౌహిణా, అక్షోహిణా? ఇంతకీ ఎంతమంది?

సత్యనారాయణపురం నుంచి:
మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడితే, వెనకున్న పెద్దాయన "అక్షౌహిణి జనం దిగారయ్యా" అన్నారు. మాట నచ్చి రాసుకుంటుంటే మా అమ్మాయి 'అక్షోహిణి' అని దిద్దింది, గుణసంధి అట. ఏది రైటు? అసలు ఎంతమందైతే అక్షౌహిణి?

గుంటూరు కొత్తపేట, తెలుగు పండితుడు:
పిల్లనేం అనకండి, సూత్రం ప్రకారం తనే రైటు. అక్ష + ఊహిని. అకారం మీద ఊకారం వస్తే ఓకారమే రావాలి. కానీ ఈ మాట కోసమే సంస్కృత వ్యాకర్త కాత్యాయనుడు విడిగా ఒక వార్తికం, అంటే పాణిని సూత్రాలకు చేర్పు, రాశాడు, 'అక్షాదూహిన్యామ్' అని. అందుకని ఇక్కడ ఔకారం. ముందున్న షకారం వల్ల 'ని' కాస్తా 'ణి' అయింది. అక్షోహిణి అని రాస్తే నేను సగం మార్కు కోసేవాణ్ణి, పూర్తిగా కొయ్యడానికి మనసొప్పేది కాదు.

బ్రాడీపేట, లెక్కల మాస్టారు:
లెక్క నేను చెప్తానండీ. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బలం కలిస్తే పత్తి. అక్కడి నుంచి మూడేసి రెట్లు: సేనాముఖం, గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని. ఏడు మెట్లు ఎక్కాం కాబట్టి అనీకినిలో మూడు ఘాతం ఏడు, అంటే 2,187 పత్తులు. ఎనిమిదో మెట్టు దగ్గర మాత్రం మూడు కాదు, పది అనీకినులు కలిస్తేనే అక్షౌహిణి. ఆ పది ఎందుకొచ్చిందా అని నాకెప్పుడూ సరదాగా ఉంటుంది. రథాలు 21,870, ఏనుగులూ అంతే, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. మొత్తం 2,18,700. దీన్ని విడగొడితే రెండ్లు రెండు, మూళ్లు ఏడు, ఐదులు రెండు, అంతే. ఏడుతో భాగించబోతే శేషం మిగులుతుంది.

గవర్నరుపేట నుంచి:
మాస్టారూ, ఆ నాలుగు సంఖ్యల్లో దేని అంకెలు కూడినా 18 వస్తోంది! పర్వాలు 18, యుద్ధం 18 రోజులు, అక్షౌహిణులు 18. ఒళ్లు జలదరించింది.

లెక్కల మాస్టారు:
కాస్త ఆగండి. గుల్మం అంటేనే 9 పత్తులు. ఆ పైన వచ్చేవన్నీ తొమ్మిది గుణిజాలే, వాటి అంకెల మొత్తం కూడా తొమ్మిది గుణిజమే అయి తీరుతుంది. ఇంత సైజు సంఖ్యల్లో అది 18 కావడం మామూలే. కౌరవులవి 11, పాండవులవి 7, మొత్తం 18 అక్షౌహిణులు కలిపి 39,36,600. ఇప్పుడు కూడండి.

గవర్నరుపేట నుంచి:
27. అయ్యో.

సత్యనారాయణపురం నుంచి:
అయితే అక్షౌహిణిలో నడిచొచ్చే జనం సగమేనన్నమాట. మిగతా గుర్రాలూ ఏనుగులూ వచ్చుంటే ఎక్కడ నిలబెట్టేవారు, కనకదుర్గ ఫ్లైఓవర్ మీదా?