జర్మనీకి వచ్చిన, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) ఎట్ల వెతకాలె?

కార్ల్స్‌రూ నుంచి (మాది హన్మకొండ):

అన్నలకు, అక్కలకు నమస్తే. కాకతీయ యూనివర్సిటీల ఫార్మసీల పీహెచ్‌డీ చేసిన. వైవా డిసెంబర్ల అయింది. ప్రొవిజనల్ చేతిల ఉన్నది, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఇంకా రాలే. మా ఆయన ఉద్యోగం ఇక్కడ. సంక్రాంతి అయినంక ఫ్యామిలీ వీసా మీద వచ్చిన. ఇప్పుడు మే నెల నడుస్తున్నది. యూరాక్సెస్‌ల (యూరప్ పరిశోధన ఉద్యోగాల సైట్), యూనివర్సిటీ సైట్లల్ల ప్రకటనలు చూసి అప్లై చేస్తున్న గాని ఎవరు పలుకుత లేరు. స్కాలర్‌షిప్‌లు ఏమున్నయి? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలె?

లైప్‌జిగ్ నుంచి (మాది మహబూబాబాద్):

చెల్లె, స్కాలర్‌షిప్‌ల పేర్లు తర్వాత. ముందుగాల రెండు తేదీలు కాయితం మీద రాసుకో: పీహెచ్‌డీ వచ్చిన తేదీ, జర్మనీల అడ్రస్ రిజిస్టర్ చేసిన తేదీ. నీకు ఏది వస్తది, ఏది రాదు అన్నది ఈ రెండే తేలుస్తయి. మొగని వెంబడి వచ్చినోళ్లు చాలామంది ఈ రెండో తేదీని పట్టించుకోరు. ఏడాది దాటినంక తెలుస్తది, అప్పటికే మంచి అవకాశం చేజారి ఉంటది.

యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ చూడు. గడువు ఏటా సెప్టెంబర్ల పడ్తది. గడువు నాటికి పీహెచ్‌డీ ఉండాలె, అది వచ్చి 8 ఏండ్లు దాటొద్దు. అసలు ముడి ఇంకోటి ఉన్నది: గడువుకు ముందటి 36 నెలల్ల, ఏ దేశంల చేరుతవో ఆ దేశంల 12 నెలలకు మించి ఉండి ఉండొద్దు. ల్యాబ్‌ల పనిచేసినవా, ఇంట్లనే ఉన్నవా అని చూడరు, అక్కడ నివాసం ఉంటే లెక్కే. సెప్టెంబర్ నాటికి నీకు 8 నెలలు. అంటే ఈ యేడు జర్మనీ ప్రొఫెసర్‌తోని వేయొచ్చు. వచ్చే యేడు సెప్టెంబర్‌కు 20 నెలలైతయి, జర్మనీల వేసే అవకాశం పోయినట్టే. అప్పుడు ఫ్రాన్స్ వైపు చూడాలె. కార్ల్స్‌రూ నుంచి స్ట్రాస్‌బర్గ్ రైలుల గంటలోపే, అక్కడి యూనివర్సిటీ పేరు ఇప్పుడే రాసి పెట్టుకో.

హంబోల్ట్ ఫెలోషిప్ పీహెచ్‌డీ అయిన 4 ఏండ్లలోపు వాళ్లకు. కాని అది బయటి దేశం నుంచి వచ్చేటోళ్ల కోసం పెట్టింది, జర్మనీల ఆరు నెలలు దాటి ఉన్నోళ్లను తీసుకోదు. నీకు జూలై నడిమిట్ల ఆ హద్దు దాటుతది. ఈ రెండు నెలల్ల హోస్ట్‌ను (ల్యాబ్‌ల చేర్చుకునే ప్రొఫెసర్‌ను) పట్టి, ఆయనతోని అభిప్రాయం రాయించి, ప్రాజెక్టు తయారుచేసుడు మస్తు కష్టం. నేనైతే దాని మీద ఆశ పెట్టుకోవద్దనే అంట.

నీకు సరిగ్గ సరిపోయేది డీఎఫ్‌జీ (జర్మనీల పరిశోధనకు నిధులిచ్చే సంస్థ) వాళ్ల వాల్టర్ బెన్యమిన్ ప్రోగ్రాం. గడువు తేదీ లేదు, ఎప్పుడైనా వేయొచ్చు. రెండేండ్ల దాకా నీ పేరు మీదనే పోస్టు వస్తది, ఎంచుకున్న యూనివర్సిటీల ఉద్యోగిగ చేరుతవు. ప్రాజెక్టు ఆలోచన నీదై ఉండాలె. పీహెచ్‌డీ పనినే పొడిగించి రాస్తే రివ్యూలల్ల పడగొడ్తరు.

గ్రెనోబుల్ నుంచి (మాది కరీంనగర్):

అక్కా, ప్రకటనల వెంట పడితే ఆలస్యమే. చాలా ల్యాబుల్లో ప్రకటన బయటికి వచ్చేసరికి ప్రొఫెసర్ మనసులో ఒక మనిషి ఉంటారు, నియమం ప్రకారం అందరికీ తెరిచి పెడతారు అంతే. అందుకే ముందుగా డబ్బు ఎక్కడ పడిందో వెతకాలి. కొత్తగా గ్రాంట్ వచ్చిన ప్రొఫెసర్‌కు మనుషులు కావాలి. గ్రాంట్ చివరి ఏడాదిలో ఉన్న ప్రొఫెసర్‌కు మీరు ఎంత నచ్చినా జీతం ఇవ్వలేరు.

ఈ సమాచారం అంతా బయటే ఉంది. జర్మనీకి గెప్రిస్ అనే డీఎఫ్‌జీ వెబ్‌సైట్. యూరప్ గ్రాంట్లకు కార్డిస్. బ్రిటన్‌కు గేట్‌వే టు రీసెర్చ్. అమెరికాకు అక్కడి ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ల రిపోర్టర్. మీ అంశం పేరు కొట్టి, ప్రాజెక్టు మొదలైన సంవత్సరం చూడండి. ఈ ఏడాదో, నిరుడో మొదలైనవే పక్కన పెట్టుకోండి. ఈఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) స్టార్టింగ్ గ్రాంట్ అయితే 5 ఏళ్లకు 15 లక్షల యూరోల దాకా ఉంటుంది, అందులో పెద్ద భాగం మనుషుల జీతాలే. వాటి ఫలితాలు మామూలుగా సెప్టెంబర్ ప్రాంతంలో వస్తాయి. ఆ వారమే జాబితా తెరిచి, మీ రంగం వాళ్లకు రాయండి.

జర్మనీలో ఎస్ఎఫ్‌బీ అనే పెద్ద ఉమ్మడి ప్రాజెక్టులు ఉంటాయి. ఒక్కో దశ 4 ఏళ్లు, మొత్తం 12 ఏళ్ల దాకా. కొత్త దశ మొదలైనప్పుడు ఒకేసారి చాలా పోస్టులు తెరుచుకుంటాయి. మీరు డ్రగ్ డెలివరీ వైపు అయితే సార్‌బ్రూకెన్‌లోని హెల్మ్‌హోల్ట్స్ ఫార్మాస్యూటికల్ పరిశోధన సంస్థ, హైడెల్‌బర్గ్, ఫ్రైబర్గ్, ట్యూబింగెన్ ఫార్మసీ విభాగాలు ముందు చూడండి. అన్నీ మీకు ఎక్కువ దూరం కావు.

లైప్‌జిగ్ నుంచి:

ఇంకొక్కటి. నీ రెసిడెన్స్ కార్డు మీద పని చేయడానికి అనుమతి ఉన్నదని రాసి ఉంటది, చూసుకో. ఉంటే ఈ-మెయిల్ల ఆ మాట తప్పకుండ రాయి. వీసా కోసం నెలలు ఆగే పని లేదు, వచ్చే నెలనే చేరొచ్చు అంటే ప్రొఫెసర్‌కు అది పెద్ద లెక్క. ఇండియా నుంచి రాసేటోళ్లకు లేని బలం నీకున్నది.

డండీ నుంచి (మాది జగిత్యాల):

జవాబు రాకపోవడానికి చాలాసార్లు ఈ-మెయిలే కారణం. "రెస్పెక్టెడ్ సర్, యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్" అని మొదలైతే రెండో వాక్యం చదవరు. 200 పదాలు చాలు. మొదటి పేరాల ఆయన పేపర్లలో ఒకటి, దాంట్లో ఏ ప్రశ్న మిగిలిందని మీకనిపించిందో రాయండి. రెండో పేరాల మీకు చేతనైన పని, కొలతలతో. "నానోపార్టికల్స్ మీద అనుభవం ఉంది" అంటే ఎవరికీ ఏమీ తెలువదు. ఏ పాలిమర్, సైజు ఎన్ని నానోమీటర్లు, మందు ఎంత శాతం పట్టింది, హెచ్‌పీఎల్‌సీ మెథడ్ మీరే వాలిడేట్ చేసిన్రా, కాకో-2 కణాల మీద చేసిన్రా అన్నది రాయాలె. మూడో పేరాల డబ్బు సంగతి: ఈ సెప్టెంబర్‌ల మీతో కలిసి మేరీ క్యూరీ వేద్దామనుకుంటున్న, లేకపోతే వాల్టర్ బెన్యమిన్, అని సూటిగ.

ఎలుకల మీద పనిచేసి ఉంటే అది కూడా రాయండి గాని ఒక జాగ్రత్త. మన దగ్గరి ఎథిక్స్ కమిటీ అనుమతి ఇక్కడ శిక్షణ కింద లెక్కకు రాదు. జర్మనీ ల్యాబులు ఫెలాసా కోర్సు (ల్యాబ్ జంతువులతోని పనిచేసే శిక్షణ) అడుగుతయి. "ఆ కోర్సు చేయడానికి సిద్ధం" అని ఒక ముక్క చేర్చండి.

సీవీ రెండు పేజీలు, ఒకే పీడీఎఫ్. తండ్రి పేరు, పాస్‌పోర్ట్ నంబర్, పెండ్లి వివరాలు తీసేయండి. డబ్బులు కట్టి వేయించుకున్న పేపర్లు ఉంటే వాటిని మొదట్ల పెట్టొద్దు. యూజీసీ-కేర్ జాబితా (2025ల ఆపేసిన యూజీసీ పత్రికల జాబితా) అంటే ఇక్కడోళ్లకు తెలువదు, వాళ్లు పేపర్ తెరిచి చదువుతరు. మూడు మంచి పేపర్లు పదిహేను బలహీనమైన వాటి కంటె మేలు. థీసిస్ శోధ్‌గంగల (ఇండియా థీసిస్‌ల వెబ్‌సైట్) ఉంటే లింకు ఇవ్వండి.

ఒకరికి ఒక ఈ-మెయిల్. యాభై మందికి ఒకే మాట పంపితే పేరు మార్చడం మరిచిపోతరు, పక్క ల్యాబులోళ్లు ఒకరికొకరు చూపించుకుంటరు. జవాబు లేకపోతే రెండు వారాలకు ఒక్కసారి గుర్తుచేయండి, అంతే. ఆగస్టుల యూరప్ సగం సెలవుల ఉంటది. మేరీ క్యూరీ ప్రాజెక్టు భాగం 10 పేజీలు, మార్కులల్ల సగం పరిశోధన నాణ్యతకు, 30 శాతం ప్రభావానికి, 20 శాతం అమలుకు. ఆ 10 పేజీలు హోస్ట్‌తో కూసొని రాయాలంటే జూన్ ఆఖరుకల్లా హోస్ట్ ఒప్పుకొని ఉండాలె. తర్వాత రాద్దామనే మాట పెట్టుకోకండి, ఈ వారమే మొదటి ఐదు ఈ-మెయిళ్లు పోవాలె.

హ్యూస్టన్ నుంచి (మాది నిజామాబాద్):

ఇది వరంగల్‌ల, నిజామాబాద్‌ల ఉండి చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. అమెరికా పోవాలంటే ఇండియాల ఉన్నప్పుడే వేయాల్సింది ఫుల్‌బ్రైట్-నెహ్రూ పోస్ట్‌డాక్, 8 నుంచి 24 నెలలు, పీహెచ్‌డీ వచ్చి 4 ఏండ్లలోపు. దాంతోని జే-1 వీసా వస్తది, అది ప్రభుత్వ డబ్బు కాబట్టి ముగిసినంక రెండేండ్లు ఇండియాల ఉండే నియమం అంటుకుంటది. ప్రొఫెసర్ గ్రాంట్ నుంచి జీతం తీసుకుంటే ఈ నియమం మామూలుగ రాదు. ఎందుకంటే ఈ నియమం వర్తించే దేశాల పేర్లుండే అమెరికా నైపుణ్యాల జాబితాల (స్కిల్స్ లిస్ట్) నుంచి ఇండియాను 2024 డిసెంబర్‌ల తీసేసిన్రు. అయినా వీసా మీద, డీఎస్-2019 (జే-1 కోసం ఇచ్చే ఫారం) మీద ఏం రాసిన్రో మీరే చదువుకోండి.

ఎన్‌ఐహెచ్ వాళ్ల ఎఫ్32 ఫెలోషిప్ పౌరులకు, గ్రీన్‌కార్డ్ ఉన్నోళ్లకే. కే99 గ్రాంట్ (పోస్ట్‌డాక్ నుంచి సొంత ల్యాబుకు మారేటోళ్లకు ఇచ్చేది) మాత్రం మనం కూడ వేయొచ్చు.

డండీ నుంచి:

బ్రిటన్ వైపు చూసేటోళ్లకు రెండు మాటలు. చాలా సైన్స్, ఇంజినీరింగ్ అంశాలల్ల వీసా కంటె ముందు ఏటాస్ (సున్నితమైన అంశాలల్ల పనిచేసేటోళ్లకు బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే) అనుమతి కావాలె, దానికి 30 పనిదినాలు పడ్తది, ఒక్కోసారి ఎక్కువ. ఇండియా నుంచి ఆరు నెలలు దాటే వీసాకు టీబీ పరీక్ష గుర్తింపు ఉన్న క్లినిక్‌లనే చేయించాలె, ఊర్లె ఎక్స్‌రే చెల్లదు. ఆరోగ్య సర్‌చార్జ్ ఏడాదికి 1,035 పౌండ్లు, వీసా ఎన్నేండ్లో అన్నేండ్లది ఒకేసారి కట్టాలె. యూనివర్సిటీ అది ఇస్తదా అని ముందే అడగండి.

గ్రెనోబుల్ నుంచి:

కాగితాల విషయం చెప్పాలి. ఓడీ కోసం స్నాతకోత్సవం దాకా ఆగకండి. ప్రొవిజనల్ మీద పీహెచ్‌డీ ఇచ్చిన తేదీ స్పష్టంగా ఉందో లేదో చూడండి. లేకపోతే యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి ఆ తేదీతో ఒక ఉత్తరం తెప్పించుకోండి. ఇంట్లోవాళ్లు ఎవరైనా వెళ్లి తీసుకోవడానికి ఆథరైజేషన్ లెటర్ పంపండి. ఫెలోషిప్‌లలో ఏళ్ల లెక్కలన్నీ ఈ తేదీ నుంచే.

మన పేర్ల సమస్య కూడా ఉంది. ఎస్‌ఎస్‌సీ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, పేపర్లలో ఒక్క అక్షరం. ఓఆర్‌సీఐడీ (పరిశోధకులకు ఇచ్చే ఆన్‌లైన్ గుర్తింపు నంబర్) తెరిచి అన్ని రూపాలూ అందులో చేర్చండి. దరఖాస్తులో మాత్రం పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయండి.

రెఫరెన్సుల దగ్గర చాలామంది ఆగిపోతారు. పోర్టల్ నేరుగా గైడ్‌కు లింకు పంపుతుంది, కొన్ని పోర్టళ్లు జీమెయిల్‌ను ఒప్పుకోవు. సార్ అధికారిక ఈ-మెయిల్ పనిచేస్తోందో లేదో ఇప్పుడే అడగండి. మీ పని వివరాలు ఒక పేజీ రాసివ్వండి, ఉత్తరం మాత్రం సారే రాయాలి. ఇద్దరి ఉత్తరాల్లో ఒకే వాక్యాలు కనబడితే దరఖాస్తు అక్కడే పోతుంది.

అపోస్టిల్‌కు (సర్టిఫికెట్లు వేరే దేశంలో చెల్లడానికి వేయించే ముద్ర) ముందే డబ్బు పెట్టకండి. ఇండియా ఆ ముద్రకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. ఆఫీసు రాతపూర్వకంగా ఏం అడిగితే అదే చేయించండి. పోస్ట్‌డాక్ ఇప్పిస్తాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అనే ఏజెంట్లను దగ్గరికి రానివ్వకండి. ఏ ల్యాబూ చేరేవాళ్ల దగ్గర డబ్బు అడగదు.

కార్ల్స్‌రూ నుంచి:

అందరికి మస్తు థ్యాంక్స్. గెప్రిస్ ఇప్పుడే తెరిచిన. ఒక అనుమానం: ఒక గ్రూపు వెబ్‌సైట్ల "స్టిపెండియం ఇస్తం" అని ఉన్నది. జీతం, స్టిపెండియం ఒకటేనా?

లైప్‌జిగ్ నుంచి:

ఒకటి కాదు చెల్లె. స్టిపెండియం ఉద్యోగం కాదు. పెన్షన్‌ల జమ కాదు, నిరుద్యోగ భృతి రాదు, ఆరోగ్య బీమా నువ్వే చూసుకోవాలె. చేతికి వచ్చే సొమ్ము ఎక్కువ కనబడ్డా మోసపోకు. అడగాల్సింది ఈ13 జీతం (జర్మనీ ప్రభుత్వ జీతాల పట్టికల పరిశోధకుల శ్రేణి), వంద శాతం. యాభయ్యో, అరవై అయిదో శాతం అంటే అది పీహెచ్‌డీ విద్యార్థులకిచ్చే లెక్క. యూనివర్సిటీల టీవీ-ఎల్ అనే జీతాల పట్టిక ఉంటది, మాక్స్ ప్లాంక్, హెల్మ్‌హోల్ట్స్ సంస్థలల్ల టీవీఓడీ అనే పట్టిక. ఎన్ని నెలల కాంట్రాక్టో, డబ్బు ఏ గ్రాంట్‌దో, అది ఎప్పుడు ముగుస్తదో ఇంటర్వ్యూల అడుగు, తప్పుగ అనుకోరు. పీహెచ్‌డీ తర్వాత యూనివర్సిటీ తాత్కాలిక కాంట్రాక్టులకు మామూలుగ 6 ఏండ్ల హద్దు ఉన్నది, పిల్లలుంటే ఒక్కొక్కరికి రెండేండ్లు పెరుగుతది.

ఈ13 లోపల మెట్లుంటయి. పాత అనుభవం చూపిస్తే రెండో మెట్టో, మూడో మెట్టో ఇస్తరు, నెలకు వందల యూరోల తేడా. హైదరాబాద్‌ల కంపెనీల చేసినా, ప్రాజెక్టుల చేసినా నెలలు, తేదీలు, పని వివరం ఉన్న సర్టిఫికెట్ తెప్పించి, కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌కు పంపు. సంతకం అయినంక మెట్టు మార్పించుడు చాలా కష్టం.